పరుపులాయన గుర్రు

మేలుకుని ఉన్నప్పుడు మనిషి తాను చేసే చప్పుళ్ళన్నిటికీ జవాబుదారీ. తుమ్మొస్తే పక్కకు తిరుగుతాడు, దగ్గొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు, కూనిరాగం తీస్తే ఎవరైనా విన్నారేమోనని ఓసారి వెనక్కి చూసుకుంటాడు. గురక సంగతి వేరు. అది ఇంటిల్లిపాదికీ వినిపిస్తుంది, పక్కింటికీ వినిపిస్తుంది, పెట్టేవాడికి మాత్రం వినిపించదు. అందుకే పొద్దున్నే లేచి, "నేనా? గురకా? నాకెప్పుడూ వినపడలేదే!" అని ఎంత నిజాయితీపరుడైనా నిర్భయంగా అనేస్తాడు. పరుపులాయన పెళ్ళైన మర్నాటి నుంచీ ఆ మాటే అంటున్నాడు.

ఆయన కొట్టు వీధి మలుపులో ఉంటుంది. కింద కొట్టు, మీద ఇల్లు. కుట్టి చుట్టిన పరుపుల్ని కొట్టు ముందు నిలువుగా నిలబెడతాడు. దూరం నుంచి చూస్తే లావుపాటి పెద్దమనుషులు ఏదో తగువు తీర్చడానికి గుమిగూడినట్టు ఉంటాయి. వెనక గదిలో దూది ఏకే మిషను. అది తిరిగినంతసేపూ తెల్లటి నుసి లేచి ఆయన కనుబొమల మీదా, మీసాల మీదా, చెవుల మీది వెంట్రుకల మీదా వాలి, సాయంత్రానికి మనిషిని ఓ పెద్ద దిండులా తయారుచేస్తుంది. స్వభావం కూడా దిండు స్వభావమే. ఎక్కడ నొక్కినా కాస్త లోపలికి పోయి మళ్ళీ పైకి తేలే రకం. ఒక్క పరుపు మాటెత్తితే మాత్రం నొక్కినా లొంగడు.

"పడుకుంటే గుర్రు పెట్టాలి. పెట్టకపోతే పరుపు తెచ్చి నా మొహాన కొట్టండి," అని కొనేవాళ్ళతో అనేవాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఒకే ముక్కులోంచి, ఒకే గొంతులోంచి వచ్చే ఒకే చప్పుడుకి మన తెలుగువాళ్ళం రెండు పేర్లు పెట్టుకున్నాం. పక్కవాడిదైతే గురక, మనదైతే గుర్రు. "వాడు గురక పెడతాడు" అంటే ఫిర్యాదు. "హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయాడు" అంటే దీవెన. మొదటిదాన్ని పెళ్ళిచూపుల్లో దాచిపెడతారు, రెండోదాన్ని నలుగురిలో చెప్పుకుంటారు. పరుపులాయన బతుకంతా ఈ రెండో మాట మీదే నిలబడి ఉంది. మధ్యాహ్నం భోజనమయ్యాక కొట్టు ముందు పరిచిన నమూనా పరుపు మీద ఆయన నడుం వాల్చేవాడు. వాల్చిన మరుక్షణం మొదలయ్యేది.

మొదట ఎక్కడో దూరాన ఎవరో బరువైన బల్ల జరుపుతున్నట్టు ఉండేది. తర్వాత ఆ బల్లను మెట్ల మీదుగా పైకి ఈడుస్తున్నట్టు. అంతలో ఉన్నట్టుండి నిశ్శబ్దం, మోసేవాళ్ళు మధ్యమెట్టు మీద దించి చెమట తుడుచుకుంటున్నట్టు. ఆ తర్వాత బల్లా, మెట్లూ, మోసేవాళ్ళూ అందరూ కలిసి కిందపడ్డట్టు ఒక్క పెట్టున భళ్ళుమనేది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. "పరుపంటే అదిరా, మనిషి చూడు ఒళ్ళు తెలీకుండా ఎలా పడున్నాడో," అని లోపలికొచ్చి బేరమాడేవారు. ఇంతకంటే చవకైన ప్రచారం ఎవరికి దొరుకుతుంది?

ఇలా వీధికంతా నిద్ర అమ్ముతున్న మనిషి దగ్గరికి ఒకరోజు పొద్దున్నే భార్య దిండు చంకన పెట్టుకుని వచ్చి నిలబడింది.

"ఏమండీ, ఇక నావల్ల కాదు. ఇవాళ్టి నుంచి ముందు గదిలో పడుకుంటాను."

"ముందు గదిలో పరుపేదీ?"

"నేలుందిగా."

"పరుపులాయన పెళ్ళాం కటిక నేల మీద పడుకుంటోందంటే నా కొట్టు మెట్లెక్కేదెవరే?"

"అయితే ఒకటి కుట్టివ్వండి."

కుడతానన్నాడు. కానీ దబ్బనం చేతిలోకి తీసుకున్నాక ఆయనకు అర్థమైంది. ఆ పరుపు కుట్టడమంటే వేరుకాపురానికి తన చేత్తో తనే కుట్టు వేసుకోవడం. అందుకని ఇవాళ దూది చెమ్మగా ఉందన్నాడు, రేపు గలీబు గుడ్డ నచ్చలేదన్నాడు, ఎల్లుండి దారం తెగుతోందన్నాడు. ఆవిడ ముందు గదిలో చాప వేసుకుంది.

ఈ సంగతి ఆవిడ తమ్ముడికి తెలిసింది. అతను బస్సు కండక్టరు. బస్సు దిగినా ఆ గొంతు మాత్రం బస్సులోనే ఉంటుంది. ఎదురుగా ఉన్న పోటీ కొట్టులో స్పాంజి పరుపు కొని, నెత్తిన పెట్టుకుని, పట్టపగలు వీధి దాటి బావగారి గుమ్మంలోకి తెచ్చాడు. ఎదురు కొట్టతను మెట్టు మీదకొచ్చి నిలబడి, వియ్యంకుణ్ణి సాగనంపుతున్నంత ఆప్యాయంగా నవ్వాడు.

"ఒరేయ్, నా ఇంట్లోకి స్పాంజా?" అన్నాడు పరుపులాయన.

"అక్క మొహం చూశావా బావా? కళ్ళ కింద ఆ సంచులు చూడు, నీ దిండ్లకన్నా లావుగా ఉన్నాయి."

"అది స్పాంజి కాదురా, గిన్నెలు తోముకునే సామాను."

"సరే, అక్కని మళ్ళీ దూది మీదికి నువ్వే తెచ్చుకో. నేనొద్దన్నానా?"

అలా పందెం కట్టినట్టయింది. అక్కణ్ణుంచి పరుపులాయనకు ఒకటే ధ్యాస. ఆవిడ దిండు మళ్ళీ తన దిండు పక్కకు రావాలి. ఆ స్పాంజి వీధి దాటి వెనక్కి పోవాలి.

గురకంటూ ఉంటే గింటే, అది దిండు తప్పే అయ్యుండాలని ఆయన తీర్మానించుకున్నాడు. తల ఎత్తులో పెడితే గాలి సాఫీగా దిగుతుందని లెక్క. దిండు మీద దిండు, దాని మీద బూరుగు దూది దిండు, ఆపైన బాలింతలకని కుట్టిన గుండ్రటి దిండు పేర్చుకుంటూ పోయాడు. చివరికి పడుకున్నాడో కూర్చున్నాడో చెప్పడం కష్టమైంది. గడ్డం ఛాతీకి ఆనింది, మెడ పట్టేసింది, గురక మాత్రం ఇంకాస్త ఎత్తు నుంచి వినిపించింది. "మేడ మీంచి వస్తున్నట్టుంది," అంది భార్య ముందు గదిలోంచి.

ఆ రోజుల్లోనే ఆ ప్రమాదం జరిగింది. వైద్యుల భాషలో దానికి పేరుండదు గానీ, పరుపులు కుట్టేవాళ్ళలో తప్ప ఇంకెవరికీ అది జరగదు. కొత్తగా పెళ్ళైన జంట కోసం పరుపు అంచు కుడుతున్నాడు. పగటి నిద్ర ఆయనకు ఎప్పుడూ ఉన్నదే. ఈమధ్య మరీ, మాట్లాడుతుంటే మాటల మధ్య, నడుస్తుంటే అడుగుల మధ్య ముంచుకొస్తోంది. ఆ పూట కళ్ళు మూతపడ్డా చెయ్యి ఆగలేదు. ఇన్నేళ్ళ అలవాటు, దాని పని అది చేసుకుపోయింది. పరుపు అంచు అయిపోయాక పక్కనే తగిలిన చొక్కా అంచు కూడా అంతే శ్రద్ధగా, అంతే దగ్గర దగ్గర కుట్లతో కుట్టుకుంటూ పోయింది. కాసేపటికి కూలీలొచ్చి పరుపెత్తి బండి మీద పడేశారు. పరుపుతో పాటు పరుపులాయన కూడా లేచాడు. బండి కదిలింది. బండి వెనక పరుగు, పరుగులో కేకలు, కేకలకు తెరుచుకున్న కిటికీలు. కుట్టు ఎంత గట్టిదంటే చొక్కా చిరిగింది గానీ దారం తెగలేదు.

"పనితనం బావా, పనితనం!" అన్నాడు కండక్టరు, నవ్వాపుకోలేక గోడకు ఆనుకుని. తర్వాత నవ్వు మాని, మర్నాడు రెక్క పట్టుకుని చెవీ ముక్కూ గొంతూ చూసే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాడు.

డాక్టరమ్మ టార్చి వేసి గొంతులోకి చూసింది. మెడ చుట్టుకొలత తీసింది. ఆయన కూడా మర్యాదకి ఆవిడ కూర్చున్న కుర్చీ మీది దిండు నాణ్యం కళ్ళతోనే కొలిచాడు.

"నిద్ర ఎలా పడుతుంది?"

"గుర్రుపెట్టి నిద్రపోతానమ్మా," అన్నాడు రొమ్ము విరుచుకుని.

"ఎన్నాళ్ళ నుంచి?"

"అదేదో రోగమైనట్టు అడుగుతారేంటి?"

"రోగమేమోనని. పగలు నిద్ర వస్తుందా?"

"పగలు పడుకోవడం మా వ్యాపారమండీ."

"నిన్న తనని తనే పరుపుకి కుట్టేసుకున్నాడు డాక్టరమ్మా," అని అందించాడు కండక్టరు. ఆవిడ రాసుకుంటున్నదల్లా తలెత్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"గొంతు వెనకంతా మెత్తటి కండ," అంది నిదానంగా. "మెలకువలో బిగువుగా ఉంటుంది, నిద్రలో సడలుతుంది. వెల్లకిలా పడుకుంటే నాలుక కూడా వెనక్కి జారుతుంది. దారి ఇరుకైతే గాలి ఒరుసుకుంటూ పోతుంది, ఆ కండ రెపరెపలాడుతుంది. అదే మీ గుర్రు. దిండ్లు పేర్చి మెడ వంచారంటే ఇంకా ఇరుకవుతుంది, నీళ్ళ గొట్టం మడిచినట్టే. కొందరిలో దారి పూర్తిగా మూసుకుపోయి కాసేపు ఊపిరే ఆగుతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని కాస్త లేపుతుంది. మళ్ళీ నిద్ర, మళ్ళీ ఆగడం. పొద్దున్నకి ఏదీ గుర్తుండదు. మీరా రకమేమోనని నా అనుమానం. అదే అయితే మీరు రాత్రుళ్ళు నిద్రపోవడం లేదు. నిద్రపోదామని ప్రయత్నం చేస్తున్నారంతే."

పరుపులాయన మొహం ఎర్రబడింది.

"నా పరుపు మీదా?"

"ఏ పరుపు మీదైనా."

ఆ ఒక్క మాటా ఆయన గుండెలో దబ్బనంలా దిగింది. ఏ పరుపు మీదైనా అట! అంటే దూదికీ స్పాంజికీ తేడా లేదా? ఊపిరి పరీక్షకి ఒక రాత్రి ఇక్కడ పడుకోవాలనీ, ఇలాగే వదిలేస్తే గుండెకి మంచిది కాదనీ ఆవిడ చెబుతూనే ఉంది. పరాయి పరుపు మీద పడుకుని తన నిద్రకి మార్కులు వేయించుకోవడానికి ఆయన ససేమిరా అన్నాడు. చివరికి ఆవిడ, "సరే, ముందు కాస్త బరువు తగ్గండి, రాత్రి భోజనం పెందలాడే ముగించండి, పక్కకు తిరిగి పడుకోండి," అంది. "నిద్రలో వెల్లకిలా తిరక్కుండా చొక్కా వీపున ఒక సంచి కుట్టి అందులో గట్టి బంతి పెట్టుకోండి. గుచ్చుకుంటే మళ్ళీ పక్కకే తిరుగుతారు."

కుట్టడమనేసరికి ఆయన మొహం విప్పారింది. ఇంటికొస్తూనే పనిలో కూర్చున్నాడు. అయితే జీవితంలో ఒక్కసారైనా గుచ్చుకునే వస్తువు తయారుచెయ్యని చేతులవి. బంతి మరీ గట్టిగా ఉందని దాని చుట్టూ కాస్త దూది చుట్టాడు. దూది ఒక పక్కకి పోగుపడుతోందని మధ్యలో కుట్లు వేశాడు. అంచులు ఒరుసుకుంటాయేమోనని మెత్తటి గుడ్డ తొడిగాడు. ఆ ఊపులో బంతినే తీసేసి బూరుగు దూది కూరాడు. తయారైంది చూస్తే అంత సుఖమైన బుడిపె భూమ్మీద ఏ వీపుకీ దక్కి ఉండదు. నడుం ఒంపులో సరిగ్గా అమిరింది. ఆయన వెల్లకిలా పడుకుని దాని మీద ఒదిగి, ఎన్నడూ లేనంత గట్టిగా బల్లలు ఈడ్చాడు.

"ఒంటె కనిపిస్తోంది, ఎడారేది బావా?" అన్నాడు కండక్టరు మర్నాడు.

"నడుం నొప్పివాళ్ళు అడుగుతున్నారురా. నాలుగు కుట్టి పెడదామనుకుంటున్నా."

"అక్కనడిగావా?"

ఆయన దబ్బనంలోకి దారం ఎక్కించుకోసాగాడు. అక్క ఇంకా స్పాంజి మీదే ఉంది.

దిండు తప్పు కాదు, వీపు తప్పు కాదు. మిగిలింది పరుపు. అది పెళ్ళికి తన చేతుల్తో కుట్టిన పరుపు, అప్పట్నుంచీ విప్పింది లేదు. ఊరందరివీ విప్పి ఏకి మళ్ళీ కుట్టేవాడు తనదాని జోలికే పోలేదు. లోపల దూది గడ్డకట్టి ఉంటుంది, దాన్ని ఏకి కొత్తగా కుడితే ఆవిడ అదే వస్తుంది అనుకుని, ఒక పొద్దున దాన్ని కిందికి దింపి కొట్టు నేల మీద పరిచి కుట్లు తెంపాడు.

పరుపు ఎవరి రహస్యాన్నీ పైకి చెప్పదు గానీ విప్పినవాడి దగ్గర దాచదు. ఎవరు ముడుచుకు పడుకుంటారో, ఎవరు కాళ్ళు బార్లా చాపుతారో, ఏ మొగుడూ పెళ్ళాలు మధ్యలోకి జరుగుతారో, ఎవరు చెరో అంచుకి పోతారో దూదిలో పడ్డ గుంటలే చెబుతాయి. పరుపులాయన అవన్నీ చూసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ కుట్టి పంపించేవాడు. ఇప్పుడు తన పక్క చూశాడు. నిలువెత్తు గుంట, చిన్నపాటి పడవలా. నవ్వుకున్నాడు. తర్వాత ఆవిడ పక్క చూశాడు. అక్కడ ఓ ఆడమనిషి పొడుగున గుంట ఉండాలి. లేదు. దూది కూరిన నాడు ఎలా ఉందో చాలామటుకు అలాగే పొంగి ఉంది. తలవైపు మాత్రం, మంచం గోడకు ఆనే చోట, ఒక చిన్న గుండ్రటి పల్లం. చేత్తో నొక్కితే చెక్కలా తగిలింది.

అలాంటి పల్లం ఆయన ఇదివరకూ చూశాడు. మంచాన పడ్డవాళ్ళున్న ఇళ్ళ పరుపుల్లో ఉంటుంది అది. పడుకున్నవాళ్ళది కాదు, పక్కన గోడకానుకుని కూర్చున్నవాళ్ళది.

భార్య కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. ఆయన అందుకోలేదు.

"నువ్వు పడుకునేదానివి కాదా?"

"పడుకోకేం? మీరు ఊపిరి తీసుకున్నంతసేపూ పడుకునేదాన్ని."

"తీసుకోనప్పుడు?"

"లేచి కూర్చునేదాన్ని. మళ్ళీ తీసుకునేదాకా." నిన్న పాలు విరిగాయి అని చెప్పినంత మామూలుగా చెప్పిందావిడ.

"నన్ను లేపొచ్చుగా?"

"కొత్తలో లేపేదాన్ని. హాయిగా గుర్రుపెట్టి పడుకున్నవాణ్ణి లేపుతావా, కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నావా అని కసిరేవారు. పెట్టేది గుర్రైతే నేనెందుకు లేపుతానండీ? అది ఆగితే భయం గానీ."

ఆయన ఆ పల్లాన్ని అరచేత్తో నిమిరాడు. "పోనీ, ముందు గదిలోనైనా నిద్ర పడుతోందా?" అన్నాడు.

"ఎక్కడ? మొన్న మెట్ల మీద కళ్ళు తిరిగాయి, పడబోయాను. దూరంగా ఉంటేనన్నా పడుతుందేమోనని వెళ్ళాను. మీ చప్పుడు వినపడకపోతే ఎలాగని తలుపు తీసే ఉంచుతున్నాను." కాఫీ గ్లాసు ఆయన చేతిలో పెట్టింది. "చల్లారిపోతోంది, తాగండి."

ఊరికి నిద్ర అమ్మిన మనిషి ఇంట్లో ఇన్నేళ్ళుగా ఇద్దరు మనుషులు, ఇద్దరికీ నిద్ర లేదు. ఒకరికి ఆ సంగతి తెలుసు, ఒకరికి తెలీదు, అంతే తేడా.

మర్నాడు ఎవరూ రెక్క పట్టుకోకుండానే ఆయన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. నెత్తికీ, ఛాతీకీ, ముక్కు కిందా వైర్లు అంటించుకుని పరాయి పరుపు మీద పడుకున్నాడు. పొద్దున్నే నర్సుతో, "మీ పరుపు ఎడం పక్క ముద్దకట్టింది, పంపిస్తే బాగుచేస్తా," అన్నాడు గానీ, ఆ గొంతులో పూర్వపు పొగరు లేదు. డాక్టరమ్మ అనుమానమే నిజమైంది. ముక్కుకు ఒక తొడుగు, దానికో గొట్టం, గొట్టం చివర చిన్న మిషను ఇచ్చారు. మిషను మెత్తగా గాలి పంపుతూ గొంతు దారి మూసుకుపోకుండా నిలబెడుతుంది. "దూది బదులు గాలి కూరుతుందన్నమాట," అని ఆయన తన భాషలో సర్ది చెప్పుకున్నాడు.

కొత్తలో దానితో పెద్ద కుస్తీ అయింది. ముక్కు ఎండిపోయింది, పట్టీ చెవిని కోసింది, నిద్రలో ఎప్పుడో పీకి పారేసేవాడు. పట్టీ కింద తన చేత్తో మెత్తటి గుడ్డ కుట్టుకున్నాడు. ఇక్కడ మాత్రం ఆయన మెత్తదనం పనికొచ్చింది. తొడుగు ఒకటి మార్చి ఇంకొకటిచ్చారు. ఊరికే కూర్చున్నప్పుడు కూడా పెట్టుకుని అలవాటు చేసుకోమంది డాక్టరమ్మ. భోజనం పెందలాడే ముగించాడు. నెమ్మదిగా పగటి మత్తు విడిచింది. మధ్యాహ్నం నమూనా పరుపు ఖాళీగా ఉండడం చూసి వీధిలోవాళ్ళు, "పరుపులాయనకి ఒంట్లో బాలేదా?" అని అడగసాగారు.

ఇంత జరిగినా ఆవిడ ముందు గదిలోనే ఉంది. గురక ఆగిపోయేసరికి మొదట్లో ఆవిడకు కంగారు రెట్టింపయింది. తలుపు దగ్గరికొచ్చి నిలబడి, మిషను బుస వినేది, దుప్పటి లేచి పడడం చూసేది, వెళ్ళిపోయేది. ఇన్నేళ్ళ కాపలా ఒక మిషను మాట నమ్మి వదిలెయ్యడం అంత తేలిక కాదు.

"రమ్మని అడగొచ్చుగా బావా?"

"ఏ మొహం పెట్టుకుని అడగనురా?"

"ఆ గొట్టం పెట్టుకున్న మొహంతోనే అడుగు. అంతకంటే ఘోరమైన మొహం ఇంకెక్కడ తెస్తావు?"

అయినా ఆయన అడగలేదు. ఇన్నాళ్ళూ తానే ముందు నిద్రపోయాడు. ఇప్పుడు ఎప్పుడు రావాలో, అసలు రావాలో వద్దో ఆవిడ ఇష్టమనుకున్నాడు. ఆవిడ పక్కన కొత్త దూది కూరి, ఆ చెక్క పల్లాన్ని ఏకి, పరుపు మళ్ళీ కుట్టి మంచం మీద వేశాడు. స్పాంజి గురించి కూడా ఒక్క మాట తూలలేదు. దానికో గలీబు సైతం కుట్టిచ్చాడు. ఆయన లెక్కలో అది శత్రువు ఇంటికి భోజనం పంపడం లాంటిది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, కొట్టు తలుపులు దగ్గరికేసి మీదికొచ్చి, అలవాటు కోసమని తొడుగు పెట్టుకుని పక్కకు తిరిగి పడుకున్నాడు. నిద్ర కోసం కాదు. ఆవిడ గిన్నెలు సర్ది, చేతులు తుడుచుకుని, ముందు గదిలోకి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు చంకన దిండుంది.

"జరగండి," అంది.

జరిగాడు. ఆవిడ గొట్టాన్ని రెండు వేళ్ళతో ఎత్తి అవతల పెట్టి, "ఈ తొండం నా మీద పడిందంటే ఊరుకోను," అని, గోడవైపు కాకుండా ఆయన వైపే తిరిగి, కాళ్ళు పూర్తిగా చాపుకుని పడుకుంది. చాలాసేపు కళ్ళు మూసుకోలేదు. ఆయన ఛాతీ లేవడం, దిగడం, లేవడం చూసింది. చూస్తూ చూస్తూ మధ్యలోనే ఎక్కడో కళ్ళు మూతలు పడ్డాయి.

పరుపులాయన కదల్లేదు. భార్య నిద్రపోతుంటే ఎలా ఉంటుందో ఆయనకు తెలీదు. కోపం తెలుసు, నవ్వు తెలుసు, జ్వరంలో మొహం తెలుసు, ఇది తెలీదు. చెయ్యి చెంప కింద పెట్టుకుంటుందని తెలీదు. నోరు కొంచెం తెరుచుకుంటుందనీ, కనుబొమల మధ్య ఎప్పుడూ ఉండే గీత పోతుందనీ తెలీదు. పొయ్యి ఊదుతున్నట్టు పెదాల మీంచి "ఫూ" అని చిన్న గాలి వస్తోంది. దానికి గుర్రనే పేరు పెట్టాలో, గురకనే పేరు పెట్టాలో ఆయనకు తోచలేదు.

అంతలో కింద వీధిలోంచి ఎవరో గొంతెత్తి పిలిచారు. "పరుపులాయనా! ఓ పరుపులాయనా! పెద్ద పరుపు కావాలి, అర్జెంటు!"

ఆయన గబుక్కున గొట్టం ఊడదీసి, తొడుగు విప్పడం మరిచిపోయి, మునివేళ్ళ మీద కిటికీ దగ్గరికి పరుగెత్తి తల బయటపెట్టాడు. పైకి చూసిన మనిషి రెండడుగులు వెనక్కి వేశాడు.

"అయ్యో, ఏమైందండీ మీకు?"

"ష్! మెల్లిగా. రేపు రండి."

"ఎదురు కొట్టు కూడా తీసే ఉంది మరి," అన్నాడతను బెదిరించినట్టు.

"వెళ్ళండి, వెళ్ళండి. మంచి స్పాంజే," అన్నాడు పరుపులాయన తొడుగులోంచి. "ఇక్కడ మాత్రం అరవకండి. మా ఆవిడ నిద్రపోతోంది."

"పట్టపగలా? లేపండీ, ఎంతసేపు పడుకుంటారేమిటి?"

ఆయన ఒకసారి వెనక్కి తిరిగి చూసి, కిటికీ రెక్క చప్పుడు కాకుండా లాక్కుంటూ అన్నాడు.

"చెప్పలేనండీ. ఇప్పుడే మొదలెట్టింది."